బయటివాళ్ళు

మా ఇంటి వైఫై పాస్‌వర్డ్ అమ్మ దగ్గర ఉంటుంది. అంటే వీధిలో సగంమంది దగ్గర ఉన్నట్టే. పైవాటాలో అద్దెకుండేవాళ్ళు, ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు, ఎవరడిగినా కాగితం మీద రాసి మరీ ఇస్తుంది. నాన్న కంప్యూటరు, ప్రింటరు, ఫొటోలు దాచుకున్న హార్డ్‌డిస్కు కూడా అదే నెట్‌వర్క్ మీద ఉన్నాయి. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు దీని సంగతేదో తేల్చేద్దామని కూర్చున్నాను.

రౌటర్లో నేనే ఎప్పుడో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి వేసి పెట్టాను. దాంతో ఒక్క రేడియోనే రెండు మూడు యాక్సెస్ పాయింట్లుగా చూపించొచ్చు. పెట్టె ఒకటే, ఛానెల్ ఒకటే. పేరూ, తాళమూ, మాక్ అడ్రసూ మాత్రం దేనికదే. ప్రతిదీ సెకనుకి దాదాపు పదిసార్లు "నేనున్నాను" అని బీకన్ పంపుతూ ఉంటుంది. అది కూడా బాగా తక్కువ వేగంతో. అందుకని పేర్లు పెరిగేకొద్దీ అసలు పనికి మిగిలే సమయం తగ్గుతుంది. ఆ నష్టం అన్ని పేర్లవాళ్ళకీ సమానమే.

వైర్‌లెస్ కాన్ఫిగరేషన్ ఫైల్లో ఇంకో యాక్సెస్ పాయింటు చేర్చాను. దానికి వేరే ఐపీ అడ్రసులు, ఫైర్‌వాల్లో వేరే జోన్. ఇంటర్నెట్‌కి వెళ్ళొచ్చు, మా కంప్యూటర్ల వైపు రాకూడదు. ఐసొలేట్ అన్నచోట 1 పెడితే ఆ పేరు మీదున్న ఫోన్లు ఒకదాన్నొకటి కూడా చూసుకోలేవు. అరగంట పని.

పేరు తెలుగులో పెడదామని సరదా పుట్టింది. పేరుకి హద్దు 32 బైట్లు. యుటిఎఫ్-8లో మన అక్షరానికీ, గుణింతానికీ, పొల్లుకీ విడివిడిగా 3 బైట్లు పడతాయి. "అద్దెవాళ్ళు" అని కొడితే 33, పట్టలేదు. "బయటివాళ్ళు" సరిగ్గా 30. నవ్వుకుని సేవ్ చేశాను.

సాయంత్రం పనిచేసే ఆవిడ కూతురు వచ్చింది. ఇంటర్ రెండో ఏడు, మా వరండాలో కూర్చుని లెక్కల పాఠాలు చూసుకుంటుంది. ఫోన్లో రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి కనిపించాయి. "అన్నయ్యా, నేను దేనికి పెట్టుకోవాలి?" అని అడిగింది. మామూలుగానే అడిగింది. నాకు నోట మాట రాలేదు.

నా చిన్నప్పుడు మా పెరటి గోడ మీద ఒక గ్లాసు బోర్లించి ఉండేది. పనివాళ్ళకి కాఫీ అందులోనే. గిన్నె ఒకటే, కాఫీ ఒకటే, గ్లాసు వేరు. ఆ గ్లాసు తీయించడానికి అమ్మ నాయనమ్మతో ఎన్నాళ్ళు పోట్లాడిందో నాకు తెలుసు. అమ్మ పాస్‌వర్డు అడిగినవాళ్ళకల్లా ఎందుకు రాసిస్తుందో మాత్రం ఆరోజు దాకా ఆలోచించలేదు.

రాత్రి ఇంకో దారి వెతికాను. పేరు ఒకటే ఉంచి, ఒక్కొక్కళ్ళకీ ఒక్కో పాస్‌వర్డు ఇచ్చి, దాన్నిబట్టి వేరే వీల్యాన్‌లో పడేయొచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ అది గ్లాసులన్నీ ఒకేలా కనిపించేవి కొని, మనం మాత్రం అడుగున గుర్తు పెట్టుకోవడం లాంటిదే.

అసలు నాకు ఎవరి మీద అనుమానం? నిజం చెప్పాలంటే, అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్ళయిన టీవీ మీద, చవగ్గా వచ్చిందని నాన్న కొన్న కెమెరా మీద. వాటిని రెండో నెట్‌వర్క్‌లోకి నెట్టాను. దాని పేరు "వస్తువులు" అని మార్చాను, 27 బైట్లు. హార్డ్‌డిస్కుకి పాస్‌వర్డు పెట్టాను. అది ముందే చేయాల్సిన పని, బద్ధకించి మనుషుల మీదకి తోశాను. ఆఫీసులో అయితే ఇంతటితో ఊరుకోను. అక్కడ వేరుచేయడమే నా ఉద్యోగం.

పొద్దున ఆ అమ్మాయి వస్తే మొదటి పేరు చూపించాను. పాస్‌వర్డు ఫోన్లో ఎప్పణ్ణించో ఉందట. మళ్ళీ కొట్టాల్సిన పని కూడా పడలేదు.