కాగితం మీద ఎంత, చేలో ఎంత

మనలో చాలామందికి ర్యామ్ అంటే ఒకే ఒక్క అంకె. 4 జీబీ, 8 జీబీ, 16 జీబీ. లాప్‌టాప్ స్లో అయితే "ర్యామ్ చాల్లేదు" అనేసి ఊరుకుంటాం. ఉన్న ర్యామ్‌ని ఎవరెంత వాడుతున్నారో అడగం. నాకు మాత్రం అడగక తప్పలేదు. ఆ జవాబు మీద మా ఇంట్లో డబ్బు ఆధారపడి ఉంది మరి.

నాది అన్నయ్య వాడి వదిలేసిన 4 జీబీ లాప్‌టాప్. లినక్స్ వేసుకున్నాను. మినీ ప్రాజెక్ట్ రన్ చేస్తే చాలు, బ్రౌజర్‌తో సహా అన్నీ బిగుసుకుపోతున్నాయి. మార్చిలో సెలవులకి నిడదవోలు వెళ్లినప్పుడు నాన్న అది చూసి, "దాళ్వా కోతలయ్యాక కొత్తది కొనేద్దాంలేమ్మా" అన్నారు. మాది కౌలు వ్యవసాయం. ధాన్యం డబ్బులు రాగానే ముందు మక్తా కట్టాలి, తర్వాత ఎరువుల కొట్టు బాకీ తీర్చాలి. ఆ మిగిలిందే మాది. అందులోంచి లాప్‌టాప్ అంటే చిన్న మాట కాదు. అందుకే కొనేముందు మెమరీ ఎక్కడికి పోతోందో చూద్దామని టెర్మినల్ తెరిచాను.

మొదట టాప్ కమాండ్. ప్రతి ప్రాసెస్‌కీ వర్ట్ అని ఒక కాలమ్, రెస్ అని ఒక కాలమ్ ఉంటాయి. బ్రౌజర్ ప్రాసెస్ ఒకదానికి వర్ట్ 30 జీబీ పైనే ఉంది. రెస్ మాత్రం 300 ఎంబీ కూడా లేదు. పక్కనే కూర్చున్న నాన్న, "ఉన్నదే నాలుగంటున్నావు, ముప్పై ఎలా రాసుకుందమ్మా?" అన్నారు.

ఎల్‌కేజీ నుంచీ నాది ఇంగ్లీష్ మీడియమే. వర్చువల్ మెమరీ, రెసిడెంట్ మెమరీ అని పరీక్షలో రెండు పేజీలు రాసేస్తాను. నాన్నకి చెప్పాలంటే మాత్రం మాటలు వెతుక్కోవాలి. "ప్రోగ్రామ్ కెర్నెల్‌ని చోటు అడుగుతుంది. కెర్నెల్ సరేనని రాసిచ్చేస్తుంది గానీ అప్పటికి ర్యామ్ ఇవ్వదు. ప్రోగ్రామ్ అక్కడ నిజంగా ఏదైనా రాయడం మొదలుపెట్టాకే ఇస్తుంది. రాసిచ్చింది వర్ట్, నిజంగా ఇచ్చింది రెస్" అన్నాను.

"ఓహో. ఒకటి కాగితం మీద ఎకరాలు, ఇంకోటి సాగులో ఉన్న ఎకరాలన్నమాట" అన్నారు నాన్న. మా టెక్స్ట్‌బుక్ ఇంత సూటిగా చెప్పలేదు.

నమ్మకం కుదరకపోతే మీరే చేసి చూడండి. సీలో మాలాక్‌తో 1 జీబీ అడిగి, ప్రోగ్రామ్‌ని అలాగే ఆపి ఉంచండి. వర్ట్ 1 జీబీ పెరుగుతుంది, రెస్ దాదాపు కదలదు. తర్వాత ఒక లూప్ పెట్టి ప్రతి 4,096 బైట్లకి ఒక్క బైటు రాయండి. రెస్ కూడా 1 జీబీ పెరుగుతుంది. మామూలుగా మన లాప్‌టాప్‌లలో ఒక పేజీ అంటే 4 కేబీ, కెర్నెల్ ఇచ్చేది పేజీల లెక్కనే. మడిలో ఒక మూల నాలుగు మొక్కలు నాటినా ఆ మడంతా సాగు కిందే కదా, ఇదీ అంతే. 1 జీబీ అంటే అలాంటి మళ్లు 2,62,144.

మరి బ్రౌజర్ సంగతి? దానికి పన్నెండు ప్రాసెస్‌లున్నాయి. అన్నిటి రెస్ కలిపితే 3 జీబీ దాటింది. దొంగ దొరికిందనిపిస్తుంది గానీ ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. అవన్నీ ఒకే లైబ్రరీలని పంచుకుంటాయి. లైబ్రరీ ర్యామ్‌లో ఒక్కసారే ఉన్నా, రెస్ దాన్ని ప్రతి ప్రాసెస్ ఖాతాలోనూ రాస్తుంది. విజ్జేశ్వరం నుంచి మా ఊరి మీదుగా వచ్చే కాలువ నీళ్లు ఒక పంటబోదెలోంచి పది చేలకి పారతాయి. పదిమందినీ అడిగితే పదిమందీ "మా బోదె" అనే అంటారు. అలాగని బోదెలు పది కావు కదా! పీఎస్‌ఎస్ అనే లెక్క ఆ బోదెని పది వాటాలు వేసి ఎవరి వాటా వాళ్లకి రాస్తుంది. ప్రాక్ డైరెక్టరీలో ప్రాసెస్ నంబర్ కింద ఎస్‌మ్యాప్స్ అండర్‌స్కోర్ రోలప్ అనే ఫైల్లో ఆ అంకె దొరుకుతుంది. నిజానికి ఆ ఫైల్ డిస్క్ మీద ఉండదు. మనం చదవబోతే కెర్నెల్ అప్పటికప్పుడు లెక్కకట్టి ఇస్తుంది. పన్నెండు పీఎస్‌ఎస్‌లూ కలిపితే 1.4 జీబీయే వచ్చింది.

అంటే అసలు భారం ఇంకెక్కడో ఉంది. నా పైథాన్ ప్రాసెస్ నంబర్ తీసుకుని పీమ్యాప్‌కి హైఫన్ ఎక్స్ తగిలించి కొట్టాను. ఏ చిరునామాలో ఎంత రాసుందో, ఎంత వాడుకలో ఉందో వరసగా వచ్చింది. అనాన్ అని ఉన్న లైన్లే కొండంత. అంటే ఏ ఫైల్‌తోనూ సంబంధం లేకుండా ప్రోగ్రామ్ తనకోసం తీసుకున్న మెమరీ. మా టీమ్‌కి ఇచ్చిన స్టార్టర్ కోడ్ 400 ఎంబీ డేటా ఫైల్ మొత్తాన్ని ఒకేసారి చదువుతుంది. టెక్స్ట్ ఉన్న ప్రతి గడీ ఒక్కో ఆబ్జెక్ట్ అయ్యేసరికి రెస్ 2 జీబీ దాటింది. 16 జీబీ ఉన్న ల్యాబ్ సిస్టమ్‌లో అది ఎవరి కంటా పడదు. 50,000 వరసల చొప్పున చదివేలా మార్చి, వాచ్ కమాండ్‌తో రెండేసి సెకన్లకి చూస్తూ కూర్చున్నాను. రెస్ 400 ఎంబీ దాటలేదు.

కొత్త లాప్‌టాప్ ఈ ఏడాదికి అక్కర్లేదని తేలిపోయింది.

"మరి ర్యామంతా నిజంగానే అయిపోతే?" అన్నారు నాన్న. అప్పుడు కెర్నెల్‌లో ఓఓఎం కిల్లర్ లేస్తుంది, ఒక ప్రాసెస్‌ని చంపి చోటు ఖాళీ చేస్తుంది. ఎవర్ని చంపాలో తేల్చుకునేటప్పుడు వర్ట్ చూడదు, నిజంగా ఎంత వాడుతోందో చూస్తుంది. 30 జీబీ రాసుకుని కదలకుండా కూర్చున్న ప్రాసెస్ బతికిపోవచ్చు, పని చేస్తున్నదే పోవచ్చు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. "మునిగితే సాగు చేసేవాడే మునుగుతాడన్నమాట. అక్కడా అంతే" అన్నారు.

2024 జులైలో ఎర్రకాలువ పొంగినప్పుడు మేం నాట్లు వేసిన చేలు నీళ్లలో ఉన్నాయి. విత్తనం మాది, కూలి మాది, పాసుబుక్కు ఇంకొకరిది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకి 11 నెలల కార్డు ఇస్తారు. దానికి యజమాని సంతకం కావాలి. మాకు ఆ కార్డు లేదు. "మీ కంప్యూటరే నయం, ఎవరు దున్నుతున్నారో వాళ్ల పేరు మీదే రాస్తుంది" అన్నారు నాన్న.

ఈసారి మీ సిస్టమ్ బిగుసుకుపోతే వర్ట్ చూసి కంగారు పడకండి. రెస్ చూడండి, పంచుకునేవి ఉంటే పీఎస్‌ఎస్ చూడండి, ఆ తర్వాతే ఇంట్లో డబ్బు అడగండి. మా ఇంట్లో అయితే ఆ డబ్బు సార్వా పెట్టుబడికి ఉండిపోయింది. ఈసారైనా కార్డు కోసం ఆసామి గారిని సంతకం అడుగుతానన్నారు నాన్న. దరఖాస్తు నేనే నింపి ఇచ్చాను.