మా చిట్టి మోకాలు

కుక్కకు మోకాలు బాగుచేయించిన కథ గృహిణులు చదువు పత్రికలో ఎందులకని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వునకు సిద్ధపడియే వ్రాయుచున్నాము. గడచిన కార్తికము మొదలు మాఘమువఱకు, జ్వరపడిన బిడ్డ యొద్ద కూర్చుండినట్లే మేము దానియొద్ద కూర్చుంటిమి.

మా చిట్టి లాబ్రడారు జాతి ఆడుకుక్క. వయస్సు ఆఱేండ్లు. బరువు 38 కిలోలు. దాని యెత్తునకు 30 కిలోలు చాలునని తరువాత తెలిసినది. ఆ మిగిలిన యెనిమిది కిలోలును మా చేతి చలువయే. మా అత్తగారు భోజనమునకు కూర్చుండిన ప్రతి పూటయు పెరుగన్నపు ముద్ద యొకటి దానికి వేయక లేవరు. మేము వలదు వలదనుచునే కాఫీవేళ బిస్కత్తులు పెట్టుచుంటిమి.

ఒకనాటి యుదయము పెరటిలో పిల్లిని తఱుముచు, బావి మలుపుకడ కీచుమని యఱచి ఆగిపోయినది. వెనుక కుడికాలు ఎత్తిపట్టుకొని కుంటుచు వచ్చినది. బెణుకనుకొని ఆముదము వెచ్చచేసి రాచితిమి. మా వారు తాము వాడు నొప్పిమాత్ర సగము విఱిచి వేయబోయిరి గాని, అది ఉమిసివేసినది. ఉమియుటయే మంచిదైనది. మనుష్యులు వాడు ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కుక్కల కడుపును, మూత్రపిండములను చెఱచునట. పశువైద్యురాలు చెప్పువఱకు మాకీ సంగతి తెలియదు.

ఆమె చిట్టికి మత్తునిచ్చి, తొడయెముకను ఒక చేతను, దిగువ యెముకను ఇంకొక చేతను పట్టి నెట్టిచూచిరి. బల్లసొరుగు బయటికి వచ్చినట్లు దిగువ యెముక ముందునకు జరిగినది. మోకాటిలో ఆ రెండెముకలను కట్టియుంచు స్నాయువు తెగినదనిరి. పిల్లిని తఱుముటచే ఒక్కనాడు తెగినది కాదట. చేదత్రాడు పురిపురియు వీడినట్లు ఎన్నాళ్లనుండియో అఱుగుచున్నదట. బరువెక్కువైనకొలది ఆ త్రాటిపై భారమెక్కువ. అత్తగారు ఆ మాట విని మావంక చూచిరి. మేము గోడవంక చూచితిమి.

శస్త్రచికిత్స చేయించితిమి. దిగువ యెముక పైకొనను విల్లువలె వంపుగా కోసి, కొంచెము త్రిప్పి, లోహపు పలకతోను మరలతోను బిగింతురు. వాలు తగ్గుటచే, స్నాయువు లేకున్నను నడకలో ఎముక జాఱదు. అమెరికాదేశపు పశువైద్యుడు బార్‌క్లే స్లోకం 1993లో ఈ పద్ధతిని ప్రకటించెను. ఖర్చు మా యంతస్తునకు మించినది. మా చేతిగాజులు బ్యాంకులో పెట్టవలసివచ్చెను.

మొదటి మూడు దినములు మంచుగడ్డలు గుడ్డలో చుట్టి, పూటపూటకు పది నిమిషములు మోకాటిపై నుంచితిమి. మా యింటి నేల పాలఱాయి, అడుగిడిన జాఱును. కావున ఉన్న జంబుఖానాలన్నియు పఱచితిమి. బయటికి తీసికొనిపోవునప్పుడు అత్తగారి పాత నేతచీరను మడతపెట్టి, కడుపుక్రిందుగా త్రిప్పి, వెనుకభాగమును పైకెత్తి పట్టుచుంటిమి. అంతకంటె మంచి సాధనము మాకు కనబడలేదు. కుట్లు నాకకుండ మెడకు తగిలించిన ప్లాస్టిక్కు గరాటును చూచి అత్తగారు, “ఇదేమే, గ్రామఫోను బూరలో తల పెట్టుకొన్నది!” అని నవ్విరి. పండ్రెండవనాడు కుట్లు విప్పిరి.

ఇంతవఱకు సులభమే. కష్టము మూడవవారమున వచ్చినది. నొప్పి తగ్గినది, ఎముక అతుకలేదు. ఎనిమిది వారములు పరుగు, దుముకు, మెట్లు కూడవని వైద్యురాలి యాజ్ఞ. వసారాలో బల్ల అడ్డముపెట్టి చిన్న చోటు చేసితిమి. అది ఆ బల్లపై గడ్డము మోపి రాత్రులు మూలుగుచుండెడిది. “నోరులేని జీవిని ఖైదు పెట్టుట పాపము కాదటే అమ్మాయీ?” అని అత్తగారు పక్కమీదనుండి అడిగెడివారు. మేము బదులు చెప్పలేకుంటిమి. ఒకరాత్రి మేమే లేచి బల్ల తీసి, దానిని మా పక్క ప్రక్కన పండుకొనబెట్టుకొంటిమి. అత్తగారిపై నెపము పెట్టుటకు వీలులేదు.

తెల్లవాఱుజామున పాలవాని బండి చప్పుడు వినగానే అది ఒక్క దుముకున గుమ్మము దాటి, మూడు మెట్లును దిగి, క్రింద కూలబడినది. మరల కాలెత్తిపట్టుకొన్నది. ఆస్పత్రికి పోవు దారిలో మేము మాటలాడలేదు. ఎక్స్‌రేలో మరలు కదలలేదు గాని, మోకాలు వాచినది. ఇంకొక రెండువారములు బంధము పెరిగినది. “మీకు జాలి కలిగినప్పుడు దానిని విడువక, దానియొద్దకు మీరే పోయి కూర్చుండుడు” అని వైద్యురాలు చెప్పిరి. మందలించియుండిన ఇంత బాధ కలిగియుండదు.

ఆనాటినుండి మా చాప బల్లకు లోపలివైపుననే పఱచుకొంటిమి. పగలు అత్తగారును అక్కడనే కూర్చుండి కూరలు తఱుగుచుండిరి. పెరుగన్నము పోయి, ఉడికించిన బీన్సు ముక్కలు, కారెట్టు ముక్కలు వచ్చినవి. ఆమె వానిని లెక్కించియే వేసెడివారు.

పదవ వారమున తీసిన ఎక్స్‌రేలో ఎముక అతికినదని తేలినది. గొలుసు పట్టుకొని పూటకు ఐదు నిమిషముల నడకతో మొదలుపెట్టి, వారమునకు కొంతగా పెంచుచున్నాము. అత్తగారి మోకాళ్లు కూడ అంతంతమాత్రమే. సాయంకాలము వీథిలో ఇద్దఱును మెల్లగా నడతురు. ఒక కాలు ఇట్లయిన కుక్కలలో ఇంచుమించు సగమింటికి రెండవ మోకాలును తెగునట. అందువలన ప్రతి ఆదివారము మా వారు చిట్టినెత్తుకొని త్రాసుపై నిలుచుందురు. వారి బరువు తీసివేసి అత్తగారు క్యాలెండరుపై వ్రాయుదురు. మొన్నటి లెక్క 33. గాజులింకను బ్యాంకులోనే యున్నవి.