సాలినాస్ లోయలో

కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయను మేము చూచితిమి. ఇరువైపుల కొండలు, నడుమ కనుచూపు మేర లెట్యూస్ ఆకుకూర మళ్ళు, స్ట్రాబెరీ తోటలు. ఆ పచ్చదనము నడుమ, ముఖమునకు రుమాలు చుట్టి, నడుము వంచి కోతకోయు స్త్రీలలో పెక్కండ్రు మెక్సికోనుండి వలసవచ్చినవారు.

తమ మనోవ్యధను వారు 'నెర్వియోస్' అందురు. అనగా నరముల బాధ. తలనొప్పి, గుండెదడ, నిదురలేమి, ఆగని కన్నీరు, అన్నియు నందులోనివే. 'సుస్తో' యనగా జడుపు. భయముచే ఆత్మ దేహమును వీడునని వారి నమ్మకము. దానికి నాటువైద్యురాలు కోడిగ్రుడ్డుతో దేహమెల్ల తుడుచును. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన రోగనిర్ణయ గ్రంథమున నీ మాటలకు చోటిచ్చినది.

నరముల బాధ యని చెప్పుకొనుటకు సిగ్గులేదు. పిచ్చిదను పేరు పడునేమోయని మాత్రము వెఱతురు. బిడ్డలను స్వదేశమున విడిచివచ్చిన తల్లి వైద్యునికడ "తల నొచ్చుచున్నది" అని ఊరకుండును. అనుమతి పత్రములు లేనివారు వైద్యశాల గడప త్రొక్కుటకే జంకుదురు. కావుననే వారిలోని స్త్రీలకే శిక్షణమిచ్చి, 'ప్రొమొతోరా'లను పేర నింటింటికి బంపుచున్నారు.

సోదరీమణులారా! తల నొచ్చుచున్నదన్న తల్లిని "బిడ్డలెక్కడ నున్నారమ్మా?" యని యడుగగల స్త్రీ యొకతె ఆమెకు మందుకన్న ముందు కావలెను.