కొవ్వూరులో ఒక పూట

రాజమహేంద్రవరం నుండి కొవ్వూరుకు 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన మీదుగా బస్సులో వెళ్లాము. పైన మేము, క్రింద రైలు. 1997లో విశ్రాంతి పొందిన హేవ్‌లాక్ వంతెన స్తంభాలు దూరాన కనిపిస్తాయి. కొవ్వూరు గోష్పాద రేవుకూ, ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠానికీ పేరుపొందినది. అక్కడిదీ కంఠస్థ విద్యే, మాదీ కంఠస్థ విద్యే. అయితే కంఠస్థం రాని ఒక బాలుని కొరకు వెళ్లాము మేము.

మూడేళ్ల క్రితం ఆ బాలుని తండ్రితో "వీడికి చదువు రాదు, ఇంటికి తీసుకుపొండి" అన్నది మేమే. అబస సూరాను ఎన్ని తరగతులకు బోధించామో! అంధుడైన హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) మదీనాలో అజాన్ పలికేవారని చెబుతూనే ఆ మాట అన్నాము.

సమగ్ర శిక్ష క్రింద మండలాలలో నడిచే భవిత కేంద్రాలలో ఇటువంటి పిల్లలకు ప్రత్యేకోపాధ్యాయులు బోధిస్తారు. 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నిర్ణీత స్థాయి వైకల్యం గల పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ఆ తండ్రికి ఇది తెలియదు. నిజానికి మాకూ తెలియదు.

ఉపాధ్యాయురాలు గోడకు అంటించిన బొమ్మల కార్డులు చూపారు. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులు, తల, పాదాలు. వుజూ! తండ్రిని అడిగి తెలుసుకుని తానే గీశారట. ఒక పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, చివరి ముక్కను ముందుగా నేర్పుతారు. మిగిలినవన్నీ ఆమె చేయిస్తారు, ఆఖరిది మాత్రం బాలుడు తానే చేస్తాడు. ఆ విధంగా ప్రతిరోజూ పని పూర్తిచేసిన ఆనందం వాడిదే అవుతుంది. అది కుదిరాక దాని ముందరిది. ఇలా వెనుక నుండి ముందుకు రావడానికి వారికి ఎనిమిది నెలలు పట్టింది. మేము ఎనిమిది రోజులైనా ఓర్చుకోలేదు.

"వరుస సరిగ్గా ఉందా, మౌల్వీ గారూ?" అని అడిగారామె.

కుడి పాదానికి ముందు ఎడమ పాదం ఉంది. మేము ఆ రెండు కార్డులను మార్చి అంటించాము. బాలుడు లేచివచ్చి, మా వంకైనా చూడక, వాటిని తిరిగి యథాస్థానంలో పెట్టాడు. తాను నేర్చిన వరుస అది.

"మార్చాలంటే మళ్లీ కొన్ని వారాలు పడుతుందండీ. మార్చమంటారా?" అన్నారామె.

కుడితో ఆరంభించడం సున్నత్. కాని ఎడమతో ఆరంభించినా వుజూ చెల్లుతుంది. "ఉండనివ్వండమ్మా" అన్నాము.

తిరుగు ప్రయాణంలో మా సంచిలో ఆ కార్డుల నకలు ఒక జత ఉంది, కుడి పాదం ముందుగా గీయించినది. మా మదరసాలో గోడ ఖాళీగానే ఉంది.