పెరియపాళయంలో ఒక చిన్న నావ

పెరియపాళయం భవానీ అమ్మవారిని ఎరుగని తెలుగు ఇల్లు చెన్నపట్నంలో అరుదు. తెలుగునాటి గాజుల శెట్టి వేపచెట్టు క్రింద నిద్రపోతే, ఆయన మలారం పుట్టలో మాయమైందనే కథ మనం పెద్దల నోట విన్నదే. ఆడిమాసం వచ్చిందంటే ఆరణి యేటి ఒడ్డున పొంగలి కుండలు, వేపాకు చీరల మ్రొక్కులు, ఇసుక వేస్తే రాలని జనం.

ఈసారి మా వెంట ఒక నావ కూడా వచ్చింది. పొడవు సుమారు 19 అంగుళాలు. మా చెల్లెలి కొడుకు పలుచని చెక్కతో చేశాడు. రెండవ ప్రపంచయుద్ధంలో తీరం కాచిన ఫెయిర్‌మైల్ మోటారు లాంచీకి అది 72వ వంతు నమూనా. మా తాతగారు, అంటే అమ్మ తండ్రిగారు, రాయల్ ఇండియన్ నేవీలో అటువంటి లాంచీ మీద పనిచేశారు. ఆయన పటం ఇంట ఉంది గాని, లాంచీ పటం లేదు.

అసలు లాంచీ పొడవు 112 అడుగులు. కుర్చీలు, బల్లలు చేసే కార్ఖానాలలో ప్లైవుడ్డు ముక్కలు కోసి పంపితే, రేవులో వాటిని బిగించేవారు. మావాడు మేజా మీద చేసిన పనే అదీను! ఇంగ్లండులోనే కాక కలకత్తా, బొంబాయిలలో కూడా కొన్ని కట్టారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. అటుపిమ్మట ఈ లాంచీలు బర్మాలోని అరకాను తీరపు పాయలలో రాత్రిళ్లు గస్తీ తిరిగాయి. కొయ్య నావలు కనుక, యుద్ధం ముగిశాక చాలావరకు అమ్ముడుపోయి, పాడై, కనుమరుగైనాయి.

దర్శనమైనాక, మొన్నటి వానకు నిలిచిన మోకాటిలోతు నీటిలో నావను వదులుతానన్నాడు పిల్లవాడు.

"వద్దురా నాయనా, మా నాన్న నావ నీళ్లపాలు చేయకు," అన్నది అమ్మ.

"నీళ్లమీద తేలకపోతే నావ ఎట్లా అవుతుంది అమ్మమ్మా?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. పూలు కట్టే దారం తెప్పించి, నావ ముక్కుకు తానే కట్టి, కొస చేత పట్టుకొన్నది. నావ కొంచెం ప్రక్కకు ఒరిగినా తేలింది. ఈ యేరు పులికాటు దగ్గర సముద్రంలో కలుస్తుందని చెబితే, "అయితే గట్టిగానే పట్టుకోవాలి," అన్నది.

ఆ రోజు వరకు అమ్మ తాతగారి నౌకా జీవితం గురించి మాతో ఎన్నడూ మాట్లాడలేదు. తిరుగు బస్సులో ఇల్లు చేరేదాకా చెప్పింది. పిల్లవాడు నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాడు. మీ ఇళ్లలోనూ అటువంటివారి ముచ్చట్లు ఉండే ఉంటాయి. చెప్పేవారు ఉండగానే అడిగి వ్రాసి ఉంచుకోండి.