కారు పాతదైంది, బ్రేకు రేటు మాత్రం కొత్తదే!

"ఏంట్రా ఈ వాసన?" వెనక సీట్లోంచి అమ్మ అడిగింది. అరకు నుంచి వస్తూ అనంతగిరి ఘాట్ దిగుతున్నాం. ఏదో కాలుతున్న కమురు వాసన. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోతోంది. "ముందు లారీదమ్మా" అన్నాను. పక్క సీట్లో నాన్న ఏం మాట్లాడలేదు.

అబద్ధం నాది. డ్యాష్‌బోర్డు మీద బ్రేకు లైటు వెలిగి అప్పటికే నెలన్నర. ఎస్.కోట దాకా నత్తలా వచ్చి, బండి పక్కన ఆపి, టీ పేరు చెప్పి గంట కూర్చోబెట్టాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అది 2017 మోడల్ జర్మన్ కారు. కొత్తదైతే నలభై లక్షల పైమాటే. సెకండ్ హ్యాండ్‌లో పద్నాలుగు లక్షలకు వచ్చింది. మధురవాడలో ఆఫీసు, కురమన్నపాలెంలో ఇల్లు, పార్కింగ్‌లో ఆ బండి. లైఫ్ సెట్ అనుకున్నా. బ్రేకులు చూపిస్తే షోరూమ్ వాళ్లు ఇచ్చిన ఎస్టిమేట్: నాలుగు చక్రాలకీ డిస్కులు, ప్యాడ్లు, సెన్సార్లు, ఆయిలు, లేబర్ కలిపి 1,28,000 రూపాయలు. అది చూసే లైటును నెలన్నర పట్టించుకోలేదు.

అరకు నుంచి వచ్చిన మర్నాడు ఆటోనగర్ బయల్దేరాను. "నేనూ వస్తా" అని నాన్న ఎక్కారు.

వైజాగ్ అంటే బీచ్ రోడ్డు, కైలాసగిరి అనుకునేవాళ్లు ఒక్కసారైనా ఈ ఆటోనగర్ చూడాలి. ఎన్ఏడీ దాటి, ఎయిర్‌పోర్టు, షీలానగర్ మీదుగా గాజువాక వైపు వెళ్తే బీహెచ్‌పీవీ దగ్గర మొదలవుతుంది. ఒక సందులో లారీ బాడీలు కడుతుంటారు. పక్క సందులో కమాన్‌పట్టీలు సాగగొడుతుంటారు. లేతు మిషన్ల చప్పుడు, వెల్డింగ్ మెరుపులు, పెయింటు వాసన. పోర్టుకీ స్టీల్‌ప్లాంటుకీ తిరిగే పెద్ద బండ్లకు ఇదే ఆస్పత్రి. ఆ లారీల మధ్య ఓ షెడ్డులో నా కారు, పెళ్లి బట్టలతో పొలంలోకి దిగినట్టు నిలబడింది.

మేస్త్రికి అరవై దగ్గర్లో ఉంటాయి. చక్రం విప్పించి, డిస్కు మీద గోరుతో గీరి చూశాడు.

"ఏటి బాబూ, గేరు దించకుండానే కొండ దిగిపోనావా?"

"ఆటోమేటిక్ కదా బాబాయ్, డీలోనే వచ్చేశాను."

"ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లోనే దిగాల. లారీ క్లీనర్‌ని అడిగినా చెప్తాడు."

బీటెక్ చదివిన బుర్ర అప్పుడు లెక్క వేసింది. మనుషులతో కలిపి కారు బరువు 1,900 కిలోలు అనుకోండి. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. కిందికి వచ్చేసరికి 800 మీటర్లు దిగాం. ఆ శక్తితో దాదాపు 50 లీటర్ల నీళ్లు మరగబెట్టొచ్చు! గేరు తగ్గిస్తే అందులో చాలా భాగం ఇంజినే ఆపుకునేది. నేనేమో మొత్తం భారం బ్రేకుల మీదే వేశాను. పైగా బ్రేకు ఆయిలు గాల్లో తేమను పీల్చుకుంటుంది. పాతబడ్డ ఆయిలు తక్కువ వేడికే మరుగుతుంది, లోపల బుడగలు వస్తాయి, పెడల్ మెత్తబడుతుంది. అందుకే దాన్ని సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు. నేను కొన్నాక ఒక్కసారీ మార్చలేదు.

మేస్త్రి కొలత పరికరం తెచ్చి నా చేతికే ఇచ్చాడు. డిస్కు ఎంత మందం దాకా అరగొచ్చో దాని మీదే అచ్చు వేసి ఉంటుందట. ముందు డిస్కు కొత్తప్పుడు 24 మిల్లీమీటర్లు, కనీసం 22.4 ఉండాలి. నాది 21.9. వెనకది 18.4 దాకా వాడొచ్చు, ఉన్నది 19.3.

"ముందువి మార్చాల్సిందే. ఎనక డిస్కులు బానే ఉన్నాయి. ప్యాడ్లు ఏసుకుంటే చాలు."

అరిగిన డిస్కును నాన్న చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. "ఇది పోత ఇనుమేరా. ఇందులో గ్రాఫైట్ ఉంటుంది. వేడిని అదే లాగేస్తుంది" అన్నారు. ఇనుము తయారయ్యే ఊళ్లో ఉంటూ ఇనుప చక్రానికి వేలు పోస్తున్నామని నాకు నవ్వొచ్చింది.

ఇక బేరం మొదలెట్టాను. "ప్యాడ్లు తక్కువలో లేవా బాబాయ్? డూప్లికేట్ అయినా పర్లేదు, ఊళ్లో తిరగడానికే కదా!"

ఆయన మొహం మారిపోయింది. "లైట్లకి ఎయ్యి, అద్దాలకి ఎయ్యి. బ్రేకులకి డూప్లికేటు నా షెడ్డులో ఎయ్యను, ఇంకో షెడ్డు సూసుకో." కాసేపాగి మెత్తగా చెప్పాడు. "బండి రేటు తగ్గుద్ది గానీ సామాన్ల రేటు తగ్గదు బాబూ. పద్నాలుగు లచ్చల బండి అనుకుంటన్నావు. దీని ఒంట్లో ఉన్నవన్నీ నలబై లచ్చల సామాన్లే."

నేను ఇంకేం మాట్లాడలేదు. పేరున్న కంపెనీ సామాన్లే వేయించాను. బిల్లు ఇదీ: ముందు డిస్కుల జత 19,000, ముందు ప్యాడ్లు 8,500, వెనక ప్యాడ్లు 6,500, రెండు సెన్సార్లు 3,000, ఆయిలు 1,000, లేబర్ 4,000. మొత్తం 42,000. నా ఫ్రెండ్ చిన్న కారుకు ముందు ప్యాడ్లు లేబర్‌తో సహా 3,000లో అయిపోయాయి. లగ్జరీ బండికి డిస్కు పెద్దది, ప్యాడ్లతో పాటే అదీ అరుగుతుంది, ప్యాడు అరిగిందని చెప్పే సెన్సారూ ఒకసారి వెలిగితే మార్చాల్సిందే. నా కారులో పార్కింగ్ బ్రేకు కూడా బటన్‌దే. వెనక ప్యాడ్లు విప్పాలంటే స్కానర్ తగిలించి దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. స్పానర్ ఒక్కటే ఉంటే చాలదు.

షోరూమ్ మోసం చేసిందని అనను. వాళ్లు అన్నీ కొత్తవి వేస్తామన్నారు, గ్యారంటీ ఇస్తామన్నారు. ఈయన కొలిచి చూపించాడు. మీరు ఎక్కడికి వెళ్లినా సరే, "డిస్కు మందం ఎంతుంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. నాకైతే ఆ ప్రశ్న వెనక డిస్కుల ఖర్చు మొత్తం మిగిల్చింది.

"రెండొందల కిలోమీటర్ల దాకా గట్టిగా తొక్కకు, ప్యాడు కుదురుకోవాల" అని చెప్పి మేస్త్రి తాళాలిచ్చాడు.

గాజువాక సిగ్నల్ దగ్గర ఆగాం. నాన్న రోడ్డు వైపే చూస్తూ అన్నారు. "ఆ వాసన లారీది కాదని నాకు ఆ రోజే తెలుసురా."

"మరి అడగలేదేం?"

"మీ అమ్మ భయపడేది. ఇంకోసారి డబ్బులు లేకపోతే చెప్పు. కారు ఇంట్లో పెట్టి బస్సులో పోదాం."

ఆ నెల నుంచి కారు ఈఎంఐతో పాటు మూడు వేలు విడిగా వేరే ఖాతాలో వేస్తున్నా. సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు కొనాలనుకునేవాళ్లు ముందు ఆ ఖాతా తెరవండి. అప్పటికీ మనసు కారు మీదే ఉంటే, వెళ్లి టెస్ట్ డ్రైవ్ చేయండి.