మైకు బండికి గొంతు ఎక్కణ్ణించి వస్తుంది?

పూర్వం ఊళ్ళో ఏ కబురు చాటాలన్నా దండోరా వేయించేవారు. డప్పు వాయించే మనిషి ప్రతి వీధి మొగలోనూ నిలబడి, కంఠమెత్తి కబురు చెప్పి, మళ్ళీ డప్పు మోగించుకుంటూ ముందుకు సాగేవాడు. అతని గొంతు ఎంత గట్టిదైనా ఒక వీధి దాటి వినిపించేది కాదు. ఇప్పుడా పని మైకు బండి చేస్తున్నది. ఆటో మీద పెద్ద బూర కడతారు. లోపల కూర్చున్న మనిషి మామూలుగా మాట్లాడితే చాలు, పొలిమేర దాకా వినిపిస్తుంది. పోలియో చుక్కలు వేసే రోజైనా, జాతరైనా, ఎన్నికలైనా మనకు ముందు కబురు తెచ్చేది ఆ బండే.

పిల్లలూ! ఎప్పుడైనా ఆలోచించారా? లోపల మాట్లాడిన గొంతు చిన్నది. బయటికి వచ్చిన గొంతు పెద్దది. మధ్యలో పెరిగిన బలం ఎక్కడిది?

"ఆంప్లిఫయరుది" అంటారు మీరు. అది సగమే నిజం. ఆంప్లిఫయరు బలాన్ని పుట్టించదు. మరొక చోట ఉన్న బలాన్ని తెచ్చి వాడుతుంది.

మా గోదావరి డెల్టాలో కాలువల మీద లాకులు ఉంటాయి. లాకు తలుపు ఎత్తడానికి ఒక మనిషి చక్రం తిప్పితే చాలు. తలుపు కొంచెం లేస్తే కొంచెం నీరు, బాగా లేస్తే బోలెడు నీరు ఉరుకుతుంది. ఆ ఉరవడి చక్రం తిప్పిన మనిషిది కాదు గదా! వెనక నిండుగా నిలిచి ఉన్న కాలువది. ఆంప్లిఫయరులో ట్రాన్సిస్టర్లు చేసే పని సరిగ్గా ఇదే. మైకులోంచి వచ్చే కరెంటు అతి స్వల్పం. అది తలుపును మీదికీ కిందికీ ఆడిస్తుంది, అంతే. బూరలోంచి గర్జించే కరెంటంతా బండిలోని బ్యాటరీది. కనుక మైకు బండి గొంతు నిజానికి బ్యాటరీ గొంతు.

రేడియోలో ఉండే ఆంప్లిఫయరు సంగతీ ఇంతే. అయితే బండి బ్యాటరీతో దాన్ని నడపడం మొదట్లో చాలా కష్టంగా ఉండేది. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు "మోటరోలా" అనే పేరుతో మోటారు కార్లకు రేడియోలు తయారు చేశారు. అప్పటికి ట్రాన్సిస్టర్లు లేవు. రేడియోల్లో గాజు బుడ్ల వంటి వాల్వులు ఉండేవి. వాటికి 100 వోల్టులకు పైన, ఒక్కొక్కప్పుడు 200 వోల్టులకు పైన కూడా కావలసి వచ్చేది. ఆనాటి కార్లలో చాలావాటికి ఉన్నది 6 వోల్టుల బ్యాటరీ! అందుకని రేడియో కోసం వేరే బ్యాటరీలు కూడా కారులో పెట్టుకుని తిరిగేవారు. తరవాత వైబ్రేటరు అనే పరికరం వచ్చింది. అందులో ఒక సన్నని లోహపు రేకు సెకనుకు నూరు సార్లకు పైగా కొట్టుకుంటూ, బ్యాటరీ కరెంటును తెంచుతూ కలుపుతూ ఉండేది. అట్లా తెగి తెగి పారే కరెంటును ట్రాన్స్‌ఫార్మరు ఎక్కువ వోల్టులకు మార్చేది.

1947లో ట్రాన్సిస్టరు పుట్టింది. కొద్ది వోల్టులతోనే పని చేయడం దాని సుగుణం. 1950లలో కార్లు కూడా 6 వోల్టుల బ్యాటరీ మాని 12 వోల్టులకు మారసాగాయి. ఇక ఆంప్లిఫయరుకు బండి బ్యాటరీ నుంచి రెండు తీగెలు లాగితే చాలుననే రోజు వచ్చింది. పని సులువైంది. కాని ఆ రెండు తీగెలలోనే ఒక చిక్కు దాగి ఉంది. అది ఎంత పెద్ద చిక్కో నేను 2022లో కళ్ళారా చూశాను.

ఆ సంవత్సరం జూలై నెలలో గోదావరికి గొప్ప వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక చేస్తారు. 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఆ నెల 16వ తేదీన అక్కడ నీరు 71 అడుగులు దాటింది. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు దిగువన ఉన్న లంకలను ముంచడానికి కొన్ని గంటలు పడుతుంది. లంకల్లో ఉండేవాళ్ళకు ఆ కొన్ని గంటలే ప్రాణాధారం. కబురు ఎంత త్వరగా అందితే అంత మంచిది.

వరద ఇంకా పెరుగుతూ ఉండగా, ఒక సాయంకాలం మా ఊరి ఏటిగట్టు మీద మైకు బండి తిరిగింది. అది సామాన్లు మోసే చిన్న ట్రక్కు ఆటో. గట్టుకు అవతల, ఏటివైపున ఉన్న పేటలోనివాళ్ళంతా చీకటి పడకముందే గట్టెక్కి బడికి చేరుకోవాలని చాటుతున్నారు. అప్పటికే కరెంటు పోయింది. చాలామంది సెల్‌ఫోన్లు చార్జింగు లేక మూగబోయి ఉన్నాయి. కనుక ఆ బండి గొంతు తప్ప వేరే దిక్కు లేదు. ఆ గొంతేమో తెగిపోతున్నది! నెమ్మదిగా పలికిన మాటలు బాగానే వినిపిస్తున్నాయి. గట్టిగా పలికిన మాట దగ్గర మాత్రం బూర గరగరమని మూలిగి ఊరుకుంటున్నది. "చీకటి పడకముందే" అన్న మాటను చాటే మనిషి నొక్కి పలికాడు. సరిగ్గా ఆ మాటే ఎవరికీ అందలేదు. "బడికి రండి" అన్నది అందింది. ఎప్పుడు రావాలో తెలియక జనం గుమ్మాల్లోనే నిలబడిపోయారు.

బండి తోలే కుర్రవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. "బ్యాటరీ పోయినట్టుంది మాస్టారూ! ఈ వేళప్పుడు కొత్తది ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు దిగులుగా.

"కంగారు పడకు నాయనా, ముందు కొలిచి చూద్దాం," అని ఇంట్లో ఉన్న మీటరు తెప్పించాను. మా పక్కింటి అమ్మాయి, ఎనిమిదో తరగతి చదువుతున్నది, టార్చిలైటు పట్టుకుని నిలబడింది. ఇంజను ఆపించి, కుర్రవాణ్ణి మైకులో "ఓ..." అని గట్టిగా దీర్ఘం తియ్యమన్నాను. ఆ సమయంలో బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు ఉన్నాయి. ఆంప్లిఫయరు దగ్గర కొలిస్తే 10.8 మాత్రమే! అంటే బ్యాటరీ బాగానే ఉన్నది. ఒకటిన్నర వోల్టులు దారిలో మాయమవుతున్నాయి. దారి అంటే తీగె. ఎవరో ఆంప్లిఫయరుకు ఇళ్ళలో దీపాలకు వాడే సన్న తీగె వేసి, ఫోను చార్జింగు పెట్టుకునే సాకెట్టు వెనక మెలిపెట్టి ఊరుకున్నారు.

"అదేమిటి తాతగారూ! మా ఇంట్లో పాటల పెట్టెకు ఇంతకన్నా సన్న తీగె ఉంది. అది బాగానే మోగుతుందే!" అన్నది టార్చిలైటు పట్టుకున్న అమ్మాయి.

మంచి ప్రశ్న. మీరు కూడా కాగితం, పెన్సిలు తీసుకోండి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్టులు వస్తాయి. మా బండిలోని ఆంప్లిఫయరు గట్టిగా అరిచినప్పుడు సుమారు 160 వాట్టులు తాగుతుంది. ఇంటి కరెంటు 230 వోల్టులు. 160ని 230తో భాగిస్తే ఒక ఆంపియరైనా రాదు. బండిలో ఉన్నవి 12 వోల్టులే. 160ని 12తో భాగించండి. 13 ఆంపియర్లకు పైగా వస్తుంది! పని ఒకటే అయినా, వోల్టులు తక్కువైతే ఆంపియర్లు ఎక్కువ కావాలి. సన్న గొట్టంలోంచి ఎక్కువ నీరు తోయబోతే ఒత్తిడి పడిపోయినట్టుగా, సన్న తీగెలోంచి ఎక్కువ ఆంపియర్లు పారితే వోల్టులు పడిపోతాయి.

ఎంత పడిపోతాయో కూడా లెక్క కట్టవచ్చు. ఆ తీగె మందం 1 చదరపు మిల్లీమీటరు. పొడవు, పోవడానికీ తిరిగి రావడానికీ కలిపి 8 మీటర్లు. అటువంటి రాగి తీగెకు నిరోధం సుమారు 0.14 ఓములు. దాన్ని 13 ఆంపియర్లతో గుణిస్తే 1.8 వోల్టులు. ఇంట్లో 230 వోల్టులలో 1.8 పోతే ఎవరికీ తెలియదు. 12లో 1.8 పోతే? కూలీలో రూపాయికి పదిహేను పైసలు దారిలోనే పోయినట్టు!

ఇప్పుడు ఆ విచిత్రం అర్థమైందా? మెల్లగా మాట్లాడితే తక్కువ ఆంపియర్లు చాలు, అందుకని నష్టమూ తక్కువే. నొక్కి పలికిన మాటకు ఎక్కువ ఆంపియర్లు కావాలి. సరిగ్గా అప్పుడే వోల్టులు పడిపోతాయి. అందుచేత, అన్నిటికంటె ముఖ్యమైన మాటే అన్నిటికంటె ముందు చెడిపోతుంది.

బజారు నుంచి ఆటోలకు కరెంటు పని చేసే మేస్త్రీని పిలిపించాం. అతను సన్న తీగె పీకేసి, 6 చదరపు మిల్లీమీటర్ల లావు రాగి తీగెను తిన్నగా బ్యాటరీ నుంచే వేశాడు. ఇప్పుడు నష్టం ఎంత? 0.3 వోల్టు! అంతటితో ఊరుకోక, బ్యాటరీకి జానెడు దూరంలోనే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు.

"ఫ్యూజు ఆంప్లిఫయరు పక్కన పెడితే చూసుకోవడానికి వీలుగా ఉంటుంది గదా?" అన్నాడు బండి కుర్రవాడు.

మేస్త్రీ నవ్వి, "ఫ్యూజు కాపాడేది ఆంప్లిఫయరును కాదబ్బాయ్, తీగెను!" అన్నాడు. ఎంత మంచి మాట! బండి ఇనుప ఒళ్ళంతా బ్యాటరీ రుణధ్రువానికి కలిసి ఉంటుంది. ధనధ్రువం నుంచి వచ్చే తీగె తొడుగు ఎక్కడైనా ఒరుసుకుని చిరిగి ఇనుముకు తగిలిందో, బ్యాటరీ నుంచి వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఉరుకుతాయి. తీగె ఎర్రగా కాలి బండి అంటుకోవచ్చు. ఫ్యూజు మొదట్లోనే ఉంటే అక్కడికక్కడే తెగి కరెంటు ఆపేస్తుంది. చివర ఉంటే, మధ్యలో ఉన్న తీగెకు కాపలా ఎవరు? రేకులోంచి తీగె దూరే చోట మేస్త్రీ రబ్బరు తొడుగు వేసింది కూడా అందుకే.

గొంతు బాగుపడింది. కాని మరొక విషయం మిగిలింది. ఆ కుర్రవాడు డీజిలు ఆదా చేయాలని, బండి నిలిపిన చోటల్లా ఇంజను ఆపి మైకు వాగిస్తున్నాడు. అదే బండి రాత్రికి ముసలివాళ్ళనూ పసిపిల్లల తల్లులనూ బడికి చేర్చాలి. ఇంజను తిప్పే స్టార్టరు కూడా ఆ ఒక్క బ్యాటరీ మీదే బతకాలి. ఆ ఒక్క క్షణానికి దానికి నూరు ఆంపియర్లకు పైగా కావాలి.

బండి కరెంటు ఒక సంసారం వంటిది. ఇంజను తిరుగుతుంటే ఆల్టర్నేటరు సుమారు 14 వోల్టుల వద్ద కరెంటు తయారు చేస్తుంది. అది సంపాదన. బ్యాటరీ దాచుకున్న డబ్బు. ఇంజను ఆగితే సంపాదన ఆగి, దాచుకున్నది కరగడం మొదలవుతుంది. మాటల మధ్య విరామాలు ఉంటాయి గనుక మైకుకు సగటున 4 ఆంపియర్లు అనుకోండి. ముందు దీపాలు రెండూ 9 ఆంపియర్లు. మొత్తం 13. ఆ బండి బ్యాటరీ 40 ఆంపియరు-గంటలది, అదీ కొత్తగా ఉన్నప్పటి మాట. ఇట్లా ఒకటి రెండు గంటలు నడిపితే స్టార్టరుకు మిగిలేదేమిటి?

ఈ లెక్క గట్టు మీదనే చెప్పాను. కుర్రవాడు మారు మాట లేకుండా ఇంజను నడిపించి, నిలిపినప్పుడు దీపాలు ఆర్పి, చాటింపు సాగించాడు. ఈసారి "చీకటి పడకముందే" అన్న మాట పేట చివరి ఇంటి దాకా వినిపించింది. మూటలతో, మేకలతో, నెత్తిన బియ్యపు గోనెలతో జనం గట్టెక్కసాగారు. ఆ రాత్రి బండి ఎనిమిది సార్లు బడికీ గట్టుకూ మధ్య తిరిగింది. పిలిచినప్పుడల్లా ఇంజను ఒక్క తిప్పుతో లేచింది. తెల్లవారేసరికి పేటలో మొలలోతు నీరు నిలిచి ఉంది. ఇళ్ళల్లో మనుషులెవరూ లేరు.

పిల్లలూ, బండి బ్యాటరీ 12 వోల్టులదే గదా, షాకు కొట్టదు గదా అని దాని తీగెలతో ఆటలాడకండి. షాకు కొట్టకపోయినా నిప్పు పుట్టించగలదు. ఈ పని తెలిసిన మేస్త్రీయే చేయాలి. ఈనాటి కార్లలో బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే చిన్న కంప్యూటర్లు కూడా ఉంటాయి. వాటిలో తీగె ఎక్కడ కలపాలో బండి పుస్తకం చూసి మరీ కలపాలి.

మీరు చేయదగిన పరీక్ష ఒకటున్నది. సాయంకాలం అమ్మో నాన్నో కారు ఎక్కినప్పుడు, లోపలి దీపం వేయించి, ఇంజను స్టార్టు చేసే క్షణంలో దాన్ని గమనించండి. పాతకాలపు గాజు బల్బు అయితే ఒక్కసారి మసకబారి, మళ్ళీ మునుపటికంటె కాంతిగా వెలుగుతుంది. మసకబారడానికి ఒక కారణం, కాంతి పెరగడానికి మరొక కారణం ఉన్నాయి. ఆ రెండూ పైన చెప్పిన దాంట్లోనే ఉన్నాయి. వెతికి మీ అమ్మానాన్నలకు చెప్పండి.